నలభై ఎనిమిది ఓట్లు, నాలుగు కుప్పలు

సానరాళ్ళపల్లి,
పెనుకొండ మండలం.
తేది: 10-12-2025, బుధవారం.

శ్రీ రంగనాథ్ గారి సముఖమునకు,
కార్యనిర్వహణాధికారి,
నేర్పరి ఆన్‌లైన్ శిక్షణ కేంద్రం,
పెనుకొండ.

అయ్యా,

విషయం: తమ కేంద్రం వారి కొత్త కోర్సుల ఎన్నికలో మా ఊరి నలభై ఎనిమిది ఓట్లను మేమే చెడగొట్టుకున్నందున, వాటిని మరల వేసుకొనుటకు అనుమతి కోరుట, మరియు ఈనబోయే గొర్రెను ధర్మవరం స్టూడియోకు తీసుకురాలేని పరిస్థితిని తెలుపుట గురించి.

ఈ వారమంతా తెల్లవారుజామున మంచు పడుతున్నది. ఏడున్నర దాకా దొడ్డిలో నిలబడితే ఇంటి వాకిలి కనబడదు. ఎండ పైకి వచ్చిన తరువాత కంది చేలల్లో కోత సాగుతున్నది. ఈ దినము నేను పాల కేంద్రంలో నాలుగు లీటర్లు పాలు పోసి, దొడ్డిలో పెంట ఎత్తి, కందికట్టె రెండు మోపులు ఇంటికి చేర్చి, పదిన్నరకు ఈ అర్జీ రాయడానికి కూర్చున్నాను. మంచుతో తమ కార్యాలయానికి పని లేదని నాకు తెలుసు. అయితే ఇట్లా మంచు మొదలైన తరువాత మా ఊరి గొర్రెలు మేత కోసం ఊరు విడిచి పోతాయి. ఈసారి అవి వచ్చే సోమవారం, అనగా 15వ తేదీన బయలుదేరుతాయి. ఈ అర్జీకి కూడా అదే గడువు. కావున ఈ క్రింది సంగతులు మనవి చేసుకొనుచున్నాను.

1. నా పేరు ఓబుళప్ప. పదవ తరగతి వరకు చదివినాను. మూడెకరాల మెట్ట, కొన్ని గొర్రెలు కలవు. నా భార్య మహేశ్వరి. మా ఒక్క కూతురు వెన్నెల, వయస్సు ఇరవై రెండు, ఎర్రమంచి దగ్గర కార్ల సీట్లకు కవర్లు కుట్టే ఒక కంపెనీలో పని చేయుచున్నది. కంపెనీ బస్సు ఉదయం ఐదున్నరకు మా ఊరి రోడ్డు మీదికి వస్తుంది. ఆదివారం సెలవు.

మా అక్క యల్లక్క, వయస్సు అరవై ఒకటి, మా ఇంటి గొర్రెలతో పాటు మరి రెండు ఇండ్ల గొర్రెలను మేపుచున్నది. కడుపులో అడ్డం తిరిగిన గొర్రెపిల్లను చేయి పెట్టి సరిచేసి బయటికి తీయడం మా చుట్టుపక్కల ఏడు ఊర్లలో ఆమెకు ఒక్కరికే వచ్చును. పశువుల డాక్టరు గారు మంచివారే, పిలిస్తే వస్తారు. కాని గొర్రెకు కష్టం వచ్చినప్పుడు అరగంటలో అటో ఇటో తేలిపోతుంది. మేతకు పోయిన చోట ఆ డాక్టరు గారు కూడా ఉండరు.

రెండేండ్ల నుంచి మా అక్క వేళ్ళ కీళ్ళు వాచి, పిడికిలి పడడం లేదు. చేయి సన్నగా మడిచి లోపలికి పంపడానికి రావడం లేదు. ఈ కార్తీకంలో మూడు గొర్రెలు పిల్లలతో సహా పోయినవి. మూడింటి దగ్గరా ఆమె కూర్చునే ఉన్నది.

2. తమ కేంద్రం వారి యాప్‌లో "సూచన పెట్టె" అని ఒక పేజీ కలదు. తమ కోర్సు ఒక్కటైనా పూర్తి చేసినవారు ఎవరైనా, తమకు ఏ కోర్సు కావాలో అందులో రాయవచ్చును. మిగిలినవారు దాని కింద "నాకూ కావాలి" అని ఉన్న బొత్తాం నొక్కవచ్చును. ఒక ఫోనుకు ఒకటే ఓటు. ఒకసారి నొక్కితే మార్చడానికి లేదు. నెలాఖరుకు ఎక్కువ ఓట్లు వచ్చిన సూచనను కోర్సుగా తయారు చేస్తారు. ఓడిన సూచనను ఆరు నెలల దాకా మరల పెట్టరాదు. ఈ నియమాలన్నీ నేను రెండుసార్లు చదివినాను. వాటిలో తప్పు లేదు.

సెప్టెంబరులో మా ఊరివారు నలభై ఎనిమిది మంది తమ "ఫోను మోసాలు గుర్తించడం" కోర్సు పూర్తి చేసి ఓటుకు అర్హులైనారు. ఆ తరువాత మా ఊరికి ఫోను చేసిన మోసగాళ్ళు ఎంత ఇబ్బంది పడ్డారో వేరే అర్జీలో రాయగలను.

నవంబరులో మా ఊరి నుంచి నాలుగు సూచనలు వెళ్ళినవి. మద్దిలేటి "బోరు మోటారు కాలకముందే కనుక్కోవడం" అని రాసినాడు. రేఖ "బ్లౌజుకు మగ్గం పని" అని రాసింది. గోపాల్ "ముసురు రోజుల్లో పట్టుపురుగుల పెంపకం" అని రాసినాడు. నాలుగవది మా వెన్నెల కంపెనీ బస్సులో కూర్చుని రాసినది: "అడ్డం తిరిగిన గొర్రెపిల్లను బయటికి తీయడం. నేర్పేవారు: యల్లక్క. తొందరగా కావాలి."

3. ఇక్కడి నుంచి జరిగిన తప్పు నాది.

మా ఊరిలో పండుగలకు పది ఇండ్లవారు కలిసి పొట్టేలు కోసినప్పుడు, కుప్పలు పెట్టేది నేను. ప్రతి కుప్పకూ ఎముక, మెత్తన, కొవ్వు సమానంగా రావాలి. కార్జం పది ముక్కలు కోసి కుప్పకొకటి వేయాలి. ఆ తరువాత చీటీలు తీస్తారు. పంతొమ్మిది ఏండ్లుగా నా కుప్పల మీద ఎవరూ మాట అనలేదు. ఈ విషయం గొప్ప కోసం రాయడం లేదు. తరువాత జరిగినది అర్థం కావడానికి రాయుచున్నాను.

నలుగురూ మావాళ్ళే. నలుగురూ ఇంటింటికీ వచ్చి ఓటు అడిగినారు. అందరూ అందరికీ వేస్తామన్నారు. నవంబరు 27న ఉదయం పాల కేంద్రం దగ్గర ఈ మాట తెగక, గలాటా మొదలైనది.

"రేఖకు ఏస్తే మద్దిలేటి మొగం ఎట్ల చూసేది?" అని ఒకరు.

"మద్దిలేటికి ఏయకుంటే మోటారు కాలిన పొద్దు వాడు వస్తాడా?" అని ఇంకొకరు.

"ఓబుళప్పా, నువ్వే ఏదో ఒకటి తెంపు. పొట్టేలును తెంపుతావు కదా" అని రామప్ప అన్నాడు. ఆయన మా పక్కింటివాడు, మా అక్కతో కలిసి గొర్రెలు మేపేవాడు.

నేను ఓట్లను కుప్పలు పెట్టినాను. నలభై ఎనిమిది ఓట్లు, నాలుగు కుప్పలు, కుప్పకు పన్నెండు. కాగితం చించి చీటీలు రాసి, పాల క్యాను మూతలో వేసి కలిపినాను. ఎవరికి ఏ చీటీ వస్తే వారు ఆ సూచనకే నొక్కాలి. ఎవరికీ ఎవరి మీదా కోపం ఉండదు. వెన్నెల అప్పటికే బస్సులో తన ఓటు తన సూచనకు వేసుకున్నదని తెలిసి, తూకంలో తేడా రాకూడదని ఆమె కుప్పలో ఒక చీటీ తగ్గించినాను. మొత్తం చీటీలు నలభై ఏడు. ఒక్కొక్కరి ఫోను చూసి, దగ్గర ఉండి నేనే నొక్కించినాను. అందరూ సంతోషంగా ఇండ్లకు పోయినారు. మద్దిలేటి టీ తాపించినాడు.

నాకు మోటారు చీటీ వచ్చినది. మోటారుకే నొక్కినాను. మహేశ్వరికి బ్లౌజు చీటీ వచ్చినది. ఆమె బ్లౌజుకు నొక్కినది.

4. డిసెంబరు ఒకటవ తేదీన ఫలితాలు వచ్చినవి. మా నాలుగు సూచనలకూ తలా పన్నెండు ఓట్లు. హిందూపురం నుంచి సుమంత్ అనే ఆయన పెట్టిన "కొట్టుకు వచ్చినవారితో చిరునవ్వుతో మాట్లాడడం" అనే సూచనకు పదమూడు ఓట్లు. అది గెలిచినది.

ఆ సాయంత్రం బస్సు దిగి వచ్చి వెన్నెల ఫోను చూసి, నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"నాయనా, పొట్టేలునైతే కుప్పలు పెడతారు. ఓట్లను గూడా పెడతారా?"

"ఎవురికీ తక్కువ కాకూడదని పెట్టినా."

"ఎవురికీ తక్కువ కాలేదు. అందరం ఓడిపోయినాము."

ఆమె లోపలికి పోయింది. మహేశ్వరి బయటికి వచ్చింది.

"కూతురు అడిగింది ఒక్క ఓటు. దాన్ని తీసుకపోయి మద్దిలేటి మోటారుకు ఏస్తివి."

"నువ్వు రేఖ బ్లౌజుకు ఏస్తివి కదా."

"చీటీలో వచ్చినాది."

"నాకూ చీటీలోనే వచ్చినాది."

ఆ తరువాత మా ఇంట్లో ఓట్ల మాట ఎవరూ ఎత్తలేదు. మిగతా మాటలు కూడా పెద్దగా లేవు.

గెలిచిన కోర్సు మొదటి పాఠం 4వ తేదీన విడుదలైనది. ఓటు వేసినవారికి అది ఉచితం గనుక మా ఊరివారు ఇరవై రెండు మంది చూసినారు. పాఠం బాగున్నది. అయితే మద్దిలేటి అందులో నేర్పిన ప్రకారం కరెంటు లైన్‌మ్యాన్‌ను చూసి చిరునవ్వు నవ్వగా, ఆయన, "ఏమప్పా మద్దిలేటీ, పన్ను నొప్పా?" అని అడిగినట్లు తెలిసినది. మా ఊరిలో ఈ కోర్సు వలన కలిగిన ఫలితం ఇంతవరకు ఇది.

5. ఇప్పుడు చెప్పబోయేది తాము ముఖ్యంగా గమనించవలెను.

మొన్న ఆదివారం, అనగా 7వ తేదీన, మా అక్క కీళ్ళ మందు కోసం కొత్తచెరువుకు పోయింది. పగలు పన్నెండున్నరకు, దొడ్డిలో ఉంచిన చూలి గొర్రె ఒకటి నొప్పులు పడి పడుకున్నది. నీటి తిత్తి పగిలి గంట అయినా పిల్ల రాలేదు. నా చేయి పెద్దది, పనికి రాదు. వెన్నెల మా అక్కకు వీడియో కాల్ చేసి, ఫోనును గాటికి ఆనించి పెట్టింది. ఇద్దరి మాటలూ నేను విన్నవి విన్నట్లు రాయుచున్నాను.

"అత్తా, ఫోను చెవి కాడ పెట్టుకోవద్దు. మొగం ముందర పెట్టుకో. నాకు నీ కమ్మ తప్ప ఏమీ కనపడలా."

"ముందర పెట్టుకుంటే నాకు ఇనపడదు పాపా. ఈడ జనం ఉండారు."

"గొర్రెను చూపిస్తాండా, చూడత్తా."

"గొర్రెను నేను చూసేదేముండాది? నలభై ఏండ్లు చూసినా. నువ్వు చెయ్యి పెట్టి, నీకు ఏం తగుల్తాండాదో అది చెప్పు. గోళ్ళు ఉండాయా?"

"ఉండాయి."

"రంగు పూసినవేనా?"

"ఊఁ."

"తీసెయ్. పెండ్లికి పోతాండావా, గొర్రె కడుపులోకి పోతాండావా?"

వెన్నెల నా గడ్డం బ్లేడుతో గోళ్ళు తీసుకున్నది. గాజులు తీసి మహేశ్వరి చేతికి ఇచ్చింది. సబ్బుతో మోచేతి దాకా కడుక్కొని, చెనిక్కాయల నూనె రాసుకొని, చేయి పెట్టింది. నేను గొర్రె తల పట్టుకున్నాను.

"రెండు కాళ్ళు తగుల్తాండాయి అత్తా."

"ముందువా, ఎనకవా?"

"యాడ తెలుస్తాది లోపల?"

"కాలు మడిచి చూడు. గిట్ట పైన కీలు ఒకటి, దాని పైన ఒకటి ఉంటాది. రెండూ ఒకే పక్కకు మడిస్తే ముందు కాలు. ఒకటి అట్ల, ఒకటి ఇట్ల మడిస్తే ఎనక కాలు."

"ఒకే పక్కకు మడుస్తాండాయి."

"సరే. తల?"

"తల లేదు అత్తా."

"తల లేకుండా పిల్ల యాడుంటాదే! ఎనక్కి తిప్పుకొని ఉండాది. గొర్రె ముక్కేటప్పుడు నువ్వు కదలొద్దు. ముక్కేది ఆపినాక పిల్లను లోపలికి తొయ్యి."

"లోపలికా? బయటికి తీయాల కదా?"

"మీ బస్సులో డోరు కాడ మనిషి అడ్డం ఇరుక్కుంటే ఏం చేస్తారు? లోపలికి జరగప్పా అంటారా లేదా? అట్లనే."

వెన్నెల తోసింది. చెమట ముక్కు మీదికి కారుతుంటే మహేశ్వరి కొంగుతో తుడిచింది. ఫోనులో ఎవరో ముసలాయన, "ఏందమ్మా, ఎవురికి కష్టం?" అని అడగడం, మా అక్క, "గొర్రెకులే, నువ్వు కూర్చో" అనడం వినిపించింది.

"అత్తా, చెవి తగిలినాది."

"చెవిని పట్టుకొని లాగొద్దు. చెవి ముందర దవడ ఉంటాది. దవడ ఎముక పట్టుకో. కంట్లో వేలు పెట్టేవు."

"పట్టుకున్నా. తిరుగుతాండాది."

"తిరగనీ. ఇంక గొర్రె ముక్కినప్పుడే లాగు, అది ఆపితే ఆపు. నేరుగా లాగొద్దు, నేల పక్కకు లాగు."

పిల్ల వచ్చింది. పసుపు పచ్చగా ఉన్నది, కదల్లేదు. మా అక్క చెప్పినట్లు వెన్నెల దాని ముక్కు తుడిచి, ముక్కు రంధ్రంలో గడ్డిపోచ పెట్టి తిప్పింది. రెండవసారి తిప్పినప్పుడు అది తుమ్మింది.

"తుమ్మినాది. ఇనపడినాది నాకు" అని మా అక్క అన్నది. "సరే, పెట్టేయ్ పాపా. నా వంతు వచ్చినాది."

మొత్తం ఇరవై ఆరు నిమిషాలు. ఫోనులో సమయం చూసినాను. ఆ ఇరవై ఆరు నిమిషాలలోనూ మా అక్క గొర్రెను చూడలేదు, వెన్నెల మా అక్క ముఖం చూడలేదు. చెప్పేవారు కొత్తచెరువులో ఉన్నారు, నేర్చుకునేవారు సానరాళ్ళపల్లిలో ఉన్నారు. దీనిని ఆన్‌లైన్ శిక్షణ అనవచ్చునో లేదో తామే నిర్ణయించవలెను. తల్లీ పిల్లా బాగున్నవి.

6. ఈ సంగతి చెప్పి మరల ఒకసారి అవకాశం అడుగుదామని, మరుసటి దినము ఉదయం తమ సహాయ కేంద్రం నంబరుకు ఫోను చేసినాను. ధర్మవరం నుంచి హరిణి అనే అమ్మాయి మర్యాదగా మాట్లాడినది.

"మీ సూచన మాకు చాలా విలువైనది సార్."

"విలువైనదైతే కోర్సు పెట్టండమ్మా."

"ఓట్లు తగ్గినాయి సార్. ఆరు నెలల తరువాత మళ్ళీ పెట్టుకోవచ్చు."

"ఒకవేళ గెలిచింటే ఎట్ల తీస్తారమ్మా వీడియో?"

"ధర్మవరంలో స్టూడియో ఉండాది సార్. ప్రతి బుధవారం పదకొండు నుంచి ఒంటిగంట దాకా. నేర్పేవాళ్ళు, కావలసిన సామాన్లు తెచ్చుకోవాల."

"సామాను అంటే ఈనే గొర్రె తల్లీ. బుధవారం పదకొండుకు ఈనమని దానికి ఎవురు చెప్పాల?"

ఫోనులో కాగితాలు తిప్పిన చప్పుడు వినిపించినది.

"స్టూడియో రెండో అంతస్తులో ఉండాది సార్. లిఫ్టు ఉండాది."

ఆమె చేయగలిగిన సహాయం ఆమె చేసినది. ఆమె మీద ఫిర్యాదు లేదు. చివరన, "మా అవ్వ వాళ్ళకూ గొర్రెలుండేవి సార్. ఆఫీసులో అర్జీ ఇచ్చి చూడండి" అని తగ్గు గొంతుతో చెప్పినది. ఈ అర్జీ ఆమె మాట మీద రాయుచున్నాను.

7. గెలిచినవారి సమ్మతి లేకుండా అడగడం పద్ధతి కాదని, నిన్న మంగళవారం హిందూపురం పోయి సుమంత్ గారిని కలిసినాను. వారిది చీరల కొట్టు. వయస్సు ముప్పై లోపే. చిరునవ్వుతోనే మాట్లాడినారు. కోర్సు అవసరం వారికి లేదని నాకు అప్పుడే అర్థమైనది.

"కూర్చోప్పా. నీళ్ళు తాగు. మీ ఊరికి ఎన్ని ఓట్లు?"

"నలభై ఎనిమిది."

"మా కొట్టులో పనిచేసేవాళ్ళం పదమూడు మంది. మరి నేనెట్ల గెలిస్తిని?"

ఆదివారం గొర్రె పడిన కష్టం, కుప్పల సంగతి చెప్పినాను. ఆయన నవ్వుతుంటే మడత పెడుతున్న చీర జారి కింద పడింది. గల్లా దగ్గరున్న పెద్దాయనను పిలిచి, మరల ఒకసారి చెప్పమన్నారు. చెప్పినాను.

"కార్జం గూడా పంచితిరా అప్పా?" అని సుమంత్ గారు అడిగినారు.

"అది వేరే సంగతి సార్. ఓట్లు మాత్రమే."

"ఒక మాట ఫోను చేసింటే నా పదమూడూ మీకే ఏయిస్తుంటి కదా! నేను ఊరికే పెట్టినా. మావాళ్ళు చీర చూపించేటప్పుడు మొగం మాడ్చుకుంటారని." ఆ తరువాత ఆయన నవ్వడం ఆపి, "ఆ పిల్ల బతికినాదా?" అని అడిగినారు. బతికిందని చెప్పినాను.

తన కోర్సులో మిగిలిన పాఠాలు ఆరు నెలలు ఆపినా తనకు అభ్యంతరం లేదని ఒక కాగితం మీద రాసి సంతకం చేసినారు. దానిని దీనికి జత చేసినాను. సంతకం పక్కన ఒక నవ్వు ముఖం బొమ్మ కూడా వేసినారు. దానిని దస్తావేజులో భాగంగా పరిగణించనవసరం లేదు.

8. అయ్యా, ఈ అంకె రాయకూడదని అనుకున్నాను, కాని రాయకపోతే అర్జీ పూర్తి కాదు. వెన్నెల సూచనకు పన్నెండు ఓట్లు వచ్చినవి. నా ఓటు, మహేశ్వరి ఓటు చీటీ ప్రకారం కాకుండా ఆమెకు వేసి ఉంటే పద్నాలుగు. సుమంత్ గారికి పదమూడు. వేరే ఎవరినీ అడగనవసరం లేదు, ఎవరికీ కోపం రానవసరం లేదు. మా ఇంటి ఓట్లే చాలి ఉండేవి. నేను కూడిక రాని మనిషిని కాను. ఆ రోజు ఆమె కుప్పలో నుంచి ఒక చీటీ తగ్గించినప్పుడు కూడా లెక్క సరిగ్గానే వేసినాను.

మా అక్క సోమవారం గొర్రెలతో పోతే మరల వానలకు గాని రాదు. దారిలో ఈనేవి అరవై దాకా ఉన్నవి. ఆమె వేళ్ళు ఎట్లున్నవో పైన రాసినాను.

కావున తాము దయతో ఈ క్రింది వాటిలో ఏదో ఒకటి చేయించవలెనని ప్రార్థన:

అ) మా నలభై ఎనిమిది ఓట్లను రద్దు చేసి, ఒక్క రోజు మరల వేసుకోనివ్వడం. మద్దిలేటి, రేఖ, గోపాల్ ముగ్గురూ తమ సూచనలు వెనక్కి తీసుకొని వెన్నెల సూచనకే వేస్తామని క్రింద సంతకాలు చేసినారు. ఈసారి చీటీలు ఉండవు.

ఆ) అది నియమాలకు విరుద్ధమైతే, కెమెరా పట్టుకునే మనిషిని ఒకరిని ఆదివారం లోపల మా ఊరికి పంపడం. దగ్గర పడిన గొర్రెలు మూడు దొడ్డిలోనే ఉన్నవి. వచ్చినవారికి భోజనం మా ఇంట్లో. ఏ గంటకు ఈనుతాయో హామీ ఇవ్వలేను.

ఇ) రెండూ వీలు కాకపోతే, వీలు కాదని సోమవారం లోపల ఒక మాట చెప్పించడం. మేము వేరే దారి చూసుకొంటాము. వేరే దారి ఏమిటో నాకు ఇప్పటికి తెలియదు.

ఈ కాగితం తమ బల్ల మీద ఎన్నవదైనా, గొర్రెలు కదలకముందే చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
ఓబుళప్ప

సమ్మతి సంతకాలు: మద్దిలేటి, రేఖ, గోపాల్.
యల్లక్క వేలిముద్ర (కుడి బొటనవేలు మడత పడనందున ఎడమ చేతిది).

తాజా కలం: 15-12-2025, సోమవారం, ఉదయం 11.20. తమ కార్యాలయ వరండా.

పై అర్జీ గురువారమే తెచ్చినాను. అర్జీలు సోమవారం మాత్రమే తీసుకుంటారని, ఆ మాట గోడ మీద రాసి ఉన్నదని తమ అటెండరు చూపించినారు. నిజమే, రాసి ఉన్నది. అందుకని ఈ రోజు మరల తెచ్చినాను. నా ముందు తొమ్మిది మంది ఉన్నారు. ఈ లోపల జరిగినది రాస్తున్నాను.

శనివారం నాలుగు గంటలకు వెన్నెల బస్సు దిగి వచ్చి, చెప్పులు విడవకుండానే చెప్పింది.

"నాయనా, సోమవారం నుంచి బస్సుకు పోను. అత్త జత పోతా."

"కంపెనీ?"

"చెప్పినా. వానలకు వచ్చినాక ఖాళీ ఉంటే తీసుకుంటారంట. డ్రైవరుకు చెప్పేది మరిచిపోయినా."

మహేశ్వరి చేటలో కందులు చెరుగుతున్నది, తల ఎత్తలేదు. "ఫోనులో నేర్చుకుంటివి కదే ఆ పొద్దు? అయిపోయింది అనుకున్నా."

"ఒక పాఠం అయినాది మా."

మా అక్క అరుగు మీద కూర్చుని వేళ్ళకు నూనె రాసుకుంటున్నది. ఎవరూ ఆమెను అడగలేదు. ఆమే అన్నది: "రాత్రిళ్ళు చలి ఉంటాది పాపా. ఇంకో దుప్పటి పెట్టుకో."

నేను వద్దు అనలేదు. వెన్నెల సంచిలో రెండు జతల బట్టలు, ఫోను చార్జరు, గోళ్ళు తీసుకునే కట్టరు పెట్టుకున్నది. రంగు సీసా అలమరలోనే ఉన్నది. దారిలో ఏదైనా గొర్రె ఈనేటప్పుడు రామప్ప చేత వీడియో తీయించి పంపుతానన్నది. బాగుంటే తాము వాడుకోవచ్చును. ఓట్లు అవసరమైతే ఆరు నెలల తరువాత మా ఇంటి మూడు ఓట్లు ఒకే చోట పడును.

కావున పై అర్జీలోని అ, ఆ, ఇ మూడింటినీ కొట్టివేయవలెను. లిఫ్టు అవసరం లేదు. హరిణి గారికి పిల్ల బాగున్నదని తెలుపగలరు.

ఈ రోజు ఉదయం ఐదు గంటల పది నిమిషాలకు యల్లక్క, రామప్ప, రామప్ప భార్య, వెన్నెల, నూట ఎనభై ఆరు గొర్రెలు ఊరి నుంచి బయలుదేరినారు. 7వ తేదీన పుట్టిన పిల్ల వెన్నెల చంకలో ఉన్నది. కంపెనీ బస్సు ఐదున్నరకు వచ్చి, రెండుసార్లు హారన్ కొట్టి, ఐదూ ముప్పై నాలుగుకు వెళ్ళిపోయినది.